పదిహేను నిమిషాలకోసారి

ఇరవై ఆరేళ్ళు గుణుపురంలో
గోడలకేసి మెడ ఎత్తి బతికాను.
మీటర్ రీడర్ని.
చెవి మీద పెన్సిలు, చంకలో పుస్తకం,
ఒడియాలో రసీదు, తెలుగులో కబుర్లు.

చక్రం నడక చూస్తే
ఇంటి నాడి దొరికేది.
తాపీమేస్త్రి దండాసి ఊళ్ళో లేడని
అప్పులవాళ్ళంతా నమ్మిన ఎండాకాలం
వాళ్ళింట చక్రం సన్నగా, ఊపిరి బిగపట్టినట్టు,
ఒక్క పంకా మేరకి తిరుగుతూనే ఉంది.
తలుపు కొట్టలేదు.
అంకె రాసుకుని చెప్పులు చప్పుడు కాకుండా మెట్లు దిగాను.

బట్టల కొట్టు పట్నాయక్ గారు
మేడమీద గదికి యూనిట్లు పెరిగాయేమని నిలదీస్తే
"వానాకాలం కదండీ, తీగ చెమ్మగిల్లింది" అన్నాను.
కోడలు రాత్రిళ్ళు పరీక్షకి చదువుతోందని
ఆయనకి చెప్పడానికి నాకు జీతం ఇవ్వలేదు.

నెలకో అంకె.
ముప్ఫై రోజుల ముద్దలూ, జ్వరాలూ, అలకలూ
కొంగున కట్టిన చిల్లరలా
ఆ ఒక్క అంకెలో ముడేసుకుని ఉండేవి.
ముడి విప్పమని ఎవరూ అడగలేదు.

నేను దిగిపోయాక కొత్తది బిగించారు.
తెల్లటి డబ్బా, పచ్చటి మినుకు.
పదిహేను నిమిషాలకోసారి ఎక్కడికో కబురు పంపుతుంది.
దానికి కాళ్ళు లేవు, అలుపు లేదు,
మొహమాటం అసలే లేదు.

ఇడ్లీల పుణ్యవతి ఇంటికి
వాయిదాల కుర్రాడు బిభూతి వచ్చాడు.
పలకంత ఫోను తిప్పి చూపించాడు.
"మౌసీ, మూడుంబావుకి గ్రైండరు ఎక్కుతోంది,
ఐదుకి దిగుతోంది.
ఆదివారాలు కూడా మానలేదు.
బేరం బాగున్నట్టే కదా, డబ్బు ఏమైంది?"

తెర మీద ఆమె తెల్లవారుజాములన్నీ
కొండల వరసలా నిలబడి ఉన్నాయి.
పుణ్యవతి చాలాసేపు చూసింది.
ఒకచోట వేలు పెట్టింది.
"ఈ గుంట ఏటి బాబూ?"
"ఆ మూడ్రోజులూ నువ్వు ఆన్ చెయ్యలేదు మౌసీ."
"మా చెల్లి పోయింది."
కుర్రాడు ఫోను బోర్లించాడు.
"అదీ పంపేసిందా?" అంది.

మర్నాడు నా దగ్గరికొచ్చింది, ఫోను చేతిలో పెట్టి.
"దీన్ని ఎవులితో సెప్పమన్నాను నేను?"
కళ్ళద్దాలు తుడుచుకుని వెతికాను.
అప్పిచ్చిన రోజున
నువ్వులంత ఇంగ్లీషు అక్షరాల కింద
'ఒప్పుకున్నాను' అని నొక్కి ఉంది.
నొక్కిన వేలు ఆమెది కాదు.
పిండి చేతులని, వాళ్ళే నొక్కారట.
గడియల్లాంటి గుర్తులు ఏడున్నాయి.
ఒకటి మూతపడింది.
తక్కినవి బూడిద రంగులో,
ఎంత నొక్కినా బిగుసుకుని.

కాగితం మీద అర్జీ రాశాను, నాకు వచ్చిన ఒడియాలో:
బిల్లుకి నెలకో అంకె చాలు,
అది మీకు మాత్రమే,
తక్కిన గంటలు ఆమెవి.
కరెంటాఫీసు గుమస్తా రెండుసార్లు చదివాడు.
ముద్రేశాడు.
"ఇలా అడిగినవాళ్ళు లేరండీ" అన్నాడు,
కోపంగా కాదు, కాస్త ఆశ్చర్యంగా.
జవాబింకా రాలేదు.

ఈలోగా ఆమె పెరట్లో బోర్లా పడున్న రుబ్బురోలు
దొర్లించుకొచ్చి కడిగింది.
చెయ్యి నొప్పంటుంది. బియ్యం తగ్గించింది.
మూడింటికి మొదలవుతుంది రాయి మీద రాయి,
వంశధార మీంచి వచ్చే గాలిలో
వీధి ఆ చివరి దాకా.
సగం వీధికి మెలకువొస్తుంది.
పొద్దున్న ఇడ్లీలకి వచ్చినప్పుడు
ఒక్కరూ ఆ ఊసెత్తరు.
మొన్న బిభూతి వచ్చి అడిగితే
పక్కింటి సావిత్రమ్మ
తనకి నిద్ర మొద్దంది.

నాకూ మెలకువొస్తుంది.
నీళ్ళు తాగాలనిపిస్తుంది.
లైటు వెయ్యను.
గోడ తడుముకుంటూ కుండ దాకా వెళ్ళి
చీకట్లోనే ముంచుకుంటాను.